మీటరు మారింది, పద్దు మారలేదు

మా పాత కరెంటు మీటరు తీసి స్మార్ట్ మీటరు పెట్టడానికి వచ్చిన కుర్రాడికి ఆ పని పావుగంట కూడా పట్టలేదు. పాతది విప్పాడు, కొత్తది బిగించాడు, సీలు వేశాడు, ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. సామాను సర్దుకుంటుంటే అడిగాను: "దీనివల్ల మాకేంటి బాబూ ఉపయోగం?" కాస్త ఆలోచించి, "ఇక రీడింగు కోసం ఎవరూ రారండీ" అన్నాడు.

అబద్ధం చెప్పని మనిషి. కానీ ఆ డబ్బాలో ఏముందో నాకు తెలుసు. మీటర్ల నుంచి వచ్చే లెక్కలన్నీ ఒకచోట పోగేసే సాఫ్ట్‌వేరు పనిలో కొన్నేళ్లు ఉన్నాను. ఈ మీటరు అరగంటకోసారి వాడకం రాసుకుంటుంది. వోల్టేజి పెరిగినా తగ్గినా గుర్తిస్తుంది. కరెంటు పోయినప్పుడు, లోపల మిగిలిన కొద్దిపాటి శక్తితో "పోతున్నాను" అని ఒక సందేశం పంపి మరీ ఆరిపోతుంది. మేం దాన్ని ఆఖరి కేక అనేవాళ్లం. దూరాన ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఇంటి సరఫరా ఆపగలిగే స్విచ్చు కూడా అందులోనే ఉంది. ఇంత తెలివిని గోడకు బిగించి, దానిచేత నెలకోసారి అంకె చదివించుకుంటున్నాం.

నా అరగంట లెక్కలు నాకు ఇవ్వమని పంపిణీ సంస్థకు రాశాను. యాప్ చూసుకోమన్నారు. యాప్‌లో నెలకో గీత ఉంది, అంతే. మళ్లీ రాశాను. నాలుగో ఉత్తరానికి జవాబొచ్చింది: "అటువంటి సమాచారాన్ని వినియోగదారులకు అందించే విధానం ప్రస్తుతం లేదు." సాంకేతికంగా కుదరదని వాళ్లు అనలేదు. విధానం లేదన్నారు. నా గొడవంతా ఆ మాట దగ్గరే.

స్మార్ట్ గ్రిడ్ గురించి, అంటే ఇలాంటి మీటర్లు, కంప్యూటర్లతో తెలివిగా నడిపే కరెంటు వ్యవస్థ గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది పరికరాల గురించి రాస్తారు. సెన్సర్లు, బ్యాటరీలు, కృత్రిమ మేధ. చదవడానికి బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఈ రంగంలో పరికరం లేక ఆగిపోయిన పని ఒక్కటీ కనిపించలేదు. ఆగిపోయినవన్నీ కాగితం దగ్గర ఆగాయి.

2025 ఏప్రిల్ 28 చూడండి. మధ్యాహ్నం పన్నెండున్నర దాటిన కాసేపటికి స్పెయిన్, పోర్చుగల్ ప్రధాన భూభాగం మొత్తం చీకటైపోయింది. స్పెయిన్‌లో అయిదు సెకన్లలో దాదాపు 15,000 మెగావాట్ల ఉత్పత్తి మాయమైంది. వోల్టేజి అంటే నీళ్ల పైపులో ఒత్తిడి లాంటిదని బళ్లో చెబుతారు కదా, ఆ పోలిక ఇక్కడికి సరిపోతుంది. ఒత్తిడి పెరుగుతుంటే ఎవరో ఒకరు దాన్ని పీల్చుకోవాలి. లేకపోతే ఒక్కో కేంద్రం తనను తాను కాపాడుకోవడానికి గ్రిడ్ నుంచి తప్పుకుంటుంది, తప్పుకున్నకొద్దీ మిగిలినచోట ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఆ రోజు జరిగింది అదే.

సోలార్ కేంద్రంలోని ఆధునిక ఇన్వర్టరు, అంటే పలకల కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చేలా మార్చే పరికరం, ఆ పీల్చుకునే పని చెయ్యగలదు. కానీ స్పెయిన్‌లో వోల్టేజి నియంత్రణ నిబంధన 2000 సంవత్సరం నాటిది. దాని ప్రకారం ఆ బాధ్యత పెద్ద సంప్రదాయ కేంద్రాలది. సౌర, పవన కేంద్రాలు పవర్ ఫ్యాక్టరును, అంటే పంపే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతును, ఒక అంకె దగ్గర స్థిరంగా ఉంచితే చాలు, వోల్టేజి ఎటు పోతున్నా వాటికి సంబంధం లేదు. ఆ రోజు నడుస్తున్న సంప్రదాయ కేంద్రాలు తక్కువ, ఉన్నవాటిలోనూ కొన్ని చెయ్యాల్సినంత చెయ్యలేదని ప్రభుత్వ నివేదిక తేల్చింది. చెయ్యగలిగినవాటిని ఎవరూ అడగలేదు, అడిగినవి చెయ్యలేదు. రెండు నెలలు తిరక్కుండానే, జూన్‌లో, అక్కడి నియంత్రణ సంస్థ కొత్త నిబంధనను ఆమోదించింది. పావు శతాబ్దం కదలని కాగితం ఒక్క చీకటి రోజుతో కదిలింది.

ఇది ఒక్క దేశం అలసత్వం అనుకోకండి. పనిలో క్రమశిక్షణకు మారుపేరైన జర్మనీలోనూ ఇలాంటి కథే ఉంది. గ్రిడ్‌లో కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో చెప్పే లెక్క ఫ్రీక్వెన్సీ, యూరప్‌లో అది 50 హెర్ట్జ్. ఫ్రీక్వెన్సీ 50.2 దాటితే ఇళ్ల కప్పుల మీది సోలార్ వెంటనే తప్పుకోవాలని పాత నిబంధన. కప్పుల మీద పలకలు నాలుగైదు ఉన్న రోజుల్లో అది భద్రతే. తర్వాత అవి వేల మెగావాట్లయ్యాయి. అన్నీ ఒకే అంకె దగ్గర, ఒకే క్షణాన దిగిపోతే గ్రిడ్ నిలబడదు. చివరికి 2012లో ప్రత్యేకంగా ఒక ఉత్తర్వు తెచ్చి, మూడు లక్షలకు పైగా సోలార్ వ్యవస్థలను ఒక్కొక్కటిగా తిరిగి సర్దాల్సి వచ్చింది. ఒక్క అంకె రాసేటప్పుడు పదేళ్ల తర్వాతి సంగతి ఊహించనందుకు పడిన జరిమానా అది.

ఇవన్నీ తప్పుగా రాసిన, పాతబడిన నిబంధనలు. దిద్దుకోవచ్చు. నన్ను ఎక్కువగా బాధించేది వేరే ఉంది. సరిగ్గా రాసి, సరిగ్గా అమలవుతూ, అందరినీ తప్పు దారిలో నడిపిస్తున్న నిబంధన ఒకటుంది. అది పంపిణీ సంస్థ ఎలా సంపాదించాలన్నది.

లోకంలో చాలాచోట్ల లెక్క ఇలా ఉంటుంది. తీగలు వేసే సంస్థకు పోటీ ఉండదు, ఒకే వీధిలో రెండు కంపెనీలు స్తంభాలు పాతవు కదా. అందుకని నియంత్రణ మండలి దాని రాబడిని కొలిచి ఇస్తుంది: నువ్వు పెట్టిన పెట్టుబడి ఇంత, దాని మీద ఇంత శాతం లాభం. రోజువారీ ఖర్చులు మాత్రం ఉన్నంతే, వాటిమీద లాభం లేదు. చూడ్డానికి న్యాయంగానే ఉంది. ఇందులో మెలిక ఎక్కడుందో హార్వే అవెర్చ్, లీలాండ్ జాన్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1962లోనే రాశారు. పెట్టుబడి మీద లాభమిస్తే కంపెనీ అవసరానికి మించి పెట్టుబడి పెడుతుంది. ఇనుము, రాగి, సిమెంటు కొంటే లాభం. తెలివిగా నడిపి వాటిని కొనకుండా గడిపేస్తే లాభం లేకపోగా నష్టం.

దీన్ని కళ్లారా చూడాలంటే హైటెన్షన్ లైను కింద నిలబడండి. తీగలో కరెంటు ఎక్కువైతే వేడెక్కి సాగుతుంది, నేలకు దగ్గరవుతుంది. అందుకే ప్రతి లైనుకూ ఇంతకు మించి పంపకూడదని పరిమితి ఉంటుంది. ఆ పరిమితిని మండుటెండ, గాలి దాదాపు లేని రోజు అనుకుని లెక్కగడతారు. కానీ ఏడాదిలో చాలా రోజులు అలా ఉండవు. చల్లగాలి తగిలితే అదే తీగ ఇంకా చాలా మొయ్యగలదు. తీగ మీద సెన్సరు పెట్టి, వాతావరణాన్ని బట్టి గంటగంటకూ పరిమితి మార్చుకునే పద్ధతి ఉంది. బెల్జియం ఏళ్లుగా వాడుతోంది. కొత్త లైను వేసే ఖర్చులో ఇది ఒక మూలకు రాదు. మరి అందరూ ఎందుకు వాడరు? కొత్త లైను మీద నలభై ఏళ్లు లాభం వస్తుంది, సెన్సరు మీద ఏమొస్తుంది? అమెరికాలో కేంద్ర నియంత్రణ సంస్థ ఫెర్క్ 2021 డిసెంబరులో 881 నంబరు ఉత్తర్వు ఇస్తేగానీ కనీసం బయటి ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకోవడం తప్పనిసరి కాలేదు. గాలి సంగతి అప్పటికీ తప్పనిసరి కాలేదు. బయట ఎండెంత ఉందో చూసుకోమని ఇంజనీర్లకు ఒక దేశం ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది!

మరి మీటరు? మీటరు పెట్టుబడి. అందుకే మీటర్లు చకచకా వస్తాయి. వాటితో చెయ్యాల్సిన తెలివైన పనులు రోజువారీ ఖర్చు. అందుకే అవి రావు. మా ఇంటి గోడ మీదున్న ఏనుగులాంటి మీటరు ఎలుకలు పట్టడానికి కారణం ఇదే.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ఈ పాఠాన్ని ఖరీదుగా నేర్చుకుంది. 2009 నుంచి ఇంటింటికీ స్మార్ట్ మీటరు తప్పనిసరి చేశారు, ఖర్చు బిల్లుల్లో కలిపారు. మీటరుకు చెప్పిన ముఖ్యమైన కారణాల్లో ఒకటి వేళను బట్టి ధర: జనం వాడకం ఎక్కువగా ఉండే సాయంత్రం నుంచి మిగతా వేళలకు మార్చుకుంటారని. ఇంటి దగ్గరే ఉండే ముసలివాళ్లు, పేదవాళ్ల సంగతేమిటని గోల లేవడంతో 2010లో ప్రభుత్వం ఆ ధరలను ఆపేసింది. మీటర్ల బిగింపు మాత్రం ఆగలేదు. అంటే వసూలు కొనసాగింది, కారణం పక్కకు పోయింది. 2015 చివరికి వినియోగదారులు మీటరింగు కింద కట్టేది దాదాపు 224 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లని రాష్ట్ర ఆడిటర్ జనరల్ లెక్క తేల్చారు. ఆశించిన లాభాల్లో చాలా భాగం రాలేదనీ రాశారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన సామెత అక్కడివాళ్లకు తెలిసి ఉండదు, పాపం.

న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. అదే విక్టోరియాలో తర్వాత పంపిణీ సంస్థలు మీటర్ల వోల్టేజి లెక్కలు చూసి, ఏ ఇంట్లో న్యూట్రల్ తీగ తెగిపోతోందో ముందే పట్టుకోవడం మొదలుపెట్టాయి. న్యూట్రల్ తెగితే నీళ్ల కుళాయి ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు. పథకం వేసినప్పుడు ఎవరూ పెద్దగా చెప్పుకోని ఈ ఉపయోగం నా దృష్టిలో మిగతా అన్నిటికంటే విలువైనది. పరికరాన్ని నేను తిట్టడం లేదు.

ఇదే సమయంలో అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఒక నియంత్రణ మండలి చేసిన పని నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. బాల్టిమోర్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ స్మార్ట్ మీటర్ల ప్రతిపాదనతో వచ్చింది. చేతిలో కేంద్ర ప్రభుత్వం ఇస్తానన్న 20 కోట్ల డాలర్ల గ్రాంటు ఉంది. ఇంత డబ్బు ఊరికే వస్తుంటే ఎవరైనా వద్దంటారా? 2010 జూన్‌లో మండలి వద్దంది. కారణం సూటిగా చెప్పింది: ఖర్చు వెంటనే బిల్లుల్లో సర్‌చార్జిగా వసూలు చేస్తామంటున్నారు, లాభాలు మాత్రం తర్వాత ఎప్పుడో వస్తాయంటున్నారు, రాకపోతే నష్టమంతా వినియోగదారుడిదే, మీకేమీ పోదు. కంపెనీ వెనక్కి వెళ్లి ఆలోచించుకుంది. రెండు నెలలు తిరిగేసరికి, ఆగస్టులో, కొత్త షరతులతో మండలి ఒప్పుకుంది. సర్‌చార్జి లేదు. ఖర్చు పుస్తకంలో రాసుకోండి, వ్యవస్థ పని చేసి లాభసాటి అని చూపించాక వసూలుకు రండి. గ్రాంటు పోలేదు. మీటర్లూ వచ్చాయి. మారింది ఒక్కటే: పని జరగకపోతే కంపెనీకీ నొప్పి పుడుతుంది.

అందరికీ తప్పనిసరి చేద్దామనుకున్న వేళల ధరలను కూడా అక్కడ పక్కన పెట్టారు. దాని బదులు 2013 నుంచి ఎండాకాలంలో లోడు బాగా ఎక్కువయ్యే కొన్ని రోజుల్లో, వాడకం తగ్గించినవాళ్లకు తగ్గించిన ప్రతి యూనిట్‌కీ 1.25 డాలర్లు బిల్లులో జమ చేశారు. తగ్గించలేనివాళ్లకు జరిమానా లేదు. రోగి మంచం పక్కన ఏసీ ఆపలేని ఇల్లు ఎప్పటి బిల్లే కడుతుంది. మీటరు అదే, సిగ్నలు అదే, కానీ మనిషితో మాట్లాడే పద్ధతి వేరు.

నా వాదనకు ఎదురు నిలిచే దేశాలు రెండున్నాయి, వాటిని దాచడం నాకిష్టం లేదు. మీటరుకు ముందు నిబంధన సరిగ్గా రాసుకోవాలన్నదే కదా ఇంతసేపూ నా మాట, అది వింటే ఇటలీ నవ్వుతుంది. అక్కడ ఎనెల్ కంపెనీ 2001లో మొదలుపెట్టి అయిదారేళ్లలో మూడు కోట్ల మీటర్లు మార్చేసింది. నియంత్రణ సంస్థ స్మార్ట్ మీటర్లను తప్పనిసరి చేసింది 2006 చివర్లో, అప్పటికి పని చాలావరకు అయిపోయింది. ఖర్చు దాదాపు 210 కోట్ల యూరోలు, ఏటా ఆదా 50 కోట్ల దాకా అని కంపెనీ లెక్క. మరోవైపు జర్మనీ అన్నీ ముందే రాసుకుంది. భద్రత, గోప్యత, మీటరు లెక్కలను బయటికి పంపే గేట్‌వే పెట్టె ధ్రువీకరణ, అన్నీ. చివరికి 2021లో మ్యూన్‌స్టర్ కోర్టు బిగింపు ఉత్తర్వునే నిలిపివేసింది. 2023లో "పునఃప్రారంభం" అని పేరులోనే పెట్టుకున్న చట్టం తేవాల్సి వచ్చింది.

చాలా రోజులు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఇటలీలో మీటరు కొన్నదీ, దానివల్ల ఆదా చేసుకున్నదీ ఒకే కంపెనీ. రీడింగుకు మనిషి వెళ్లక్కర్లేదు, బాకీ ఉన్నవాడి సరఫరా దూరం నుంచే తగ్గించవచ్చు, దొంగతనం దొరుకుతుంది. ఆ డబ్బంతా వాళ్లకే మిగిలింది కాబట్టి ఎవరూ తొయ్యకుండానే పరిగెత్తారు. జర్మనీలో మీటరు పెట్టేది ఒకరు, కరెంటు అమ్మేది ఒకరు, గ్రిడ్ నడిపేది ఇంకొకరు. పైగా చిన్న ఇళ్లకు ఇది లాభసాటి కాదని 2013లో వాళ్లు చేయించుకున్న లెక్కే చెప్పింది. ఎవరి లాభమో తెలియని పనికి ఎంత పకడ్బందీ నిబంధన రాసినా అది కాళ్లకు అడ్డమే. కాబట్టి నా మాట కొంచెం సవరించుకుంటాను. మీటరుకు ముందు రాసుకోవాల్సింది వెయ్యి పేజీల నిబంధన కాదు. ఒక్క పద్దు. ఖర్చెవరిది, ఆదా ఎవరిది, అనుకున్నది జరగకపోతే నష్టమెవరిది. ఈ మూడూ ఒకే వరుసలో ఉండాలి.

నష్టం పద్దు రాసుకోకపోతే ఏమవుతుందో టెక్సాస్ చూపించింది. అక్కడ గ్రిడీ అని ఒక కంపెనీ ఉండేది. నెలకు 9.99 డాలర్లు తీసుకుని, కరెంటును హోల్‌సేల్ ధరకే ఇచ్చేది. గంటలోపే మారే ధర, ఫోనులో కనిపిస్తుంది, తగ్గినప్పుడు వాడుకోండి, పెరిగినప్పుడు ఆపుకోండి. పుస్తకాల్లో రాసిన స్మార్ట్ వినియోగదారుడు అచ్చం ఇలాగే ఉంటాడు. మామూలు రోజుల్లో అందరికంటే చవక. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చింది. గ్యాసు బావులు గడ్డకట్టాయి, విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి, మొత్తం గ్రిడ్ 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో కూలిపోబోయి నిలబడింది. హోల్‌సేల్ ధరను గరిష్ఠ పరిమితి దగ్గరే రోజుల తరబడి ఉంచారు: మెగావాట్ అవర్‌కు 9,000 డాలర్లు. అంటే యూనిట్‌కు 9 డాలర్లు. ఇల్లు గడ్డకడుతుంటే హీటరు ఆపుకోమని ధర చెబుతోంది. ఆపుకోలేనివాళ్లకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. తుఫానుకు ముందు ఆ కంపెనీయే తన ఖాతాదారులను వేరే కంపెనీకి వెళ్లిపొమ్మని బతిమాలింది. మార్చిలో దివాలా తీసింది. ఇళ్లకు నేరుగా హోల్‌సేల్ ధర అంటగట్టే పథకాలను ఆ ఏడాదే రాష్ట్ర చట్టసభ నిషేధించింది.

ధరకు తెలివుంటే మనిషికి తెలివి వస్తుందని నమ్మేవాళ్లను ఈ ఒక్క వారం గురించి అడగాలనిపిస్తుంది. రిస్కు ఎక్కడికీ పోలేదు. దాన్ని మొయ్యగలిగిన కంపెనీ దగ్గర్నుంచి మొయ్యలేని ఇంటికి బదిలీ అయింది, అదీ చవక కరెంటు పేరుతో.

ఆ తుఫానులోనే ఇంకో చిన్న విషయముంది, నాకు నిద్రలో కూడా గుర్తొస్తుంటుంది. లోడు తగ్గించడానికి ఫీడర్లు, అంటే ఒక్కో ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైన్లు, ఆపుతూ పోయినప్పుడు, విద్యుత్ కేంద్రాలకు గ్యాసు పంపే కేంద్రాల కరెంటే పోయింది. దాంతో గ్యాసు తగ్గింది, ఉత్పత్తి ఇంకా పడిపోయింది. ఆ గ్యాసు కేంద్రాలకు కరెంటు ఎందుకు ఆపారు? అవి అత్యవసరమైనవని నమోదు చేసుకునే ఫారం చాలామంది నింపి ఇవ్వలేదు. దాదాపు ఇంటింటికీ స్మార్ట్ మీటరున్న రాష్ట్రం ఒక ఫారం దగ్గర దొరికిపోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం ఆ తుఫానులో చనిపోయినవాళ్లు 246 మంది.

ఇక లెక్కల గోప్యత. ఇది నేను పని చేసిన చోటు కాబట్టి కాస్త తటపటాయిస్తూనే రాస్తున్నాను. మా దగ్గర పేర్లుండవు, నంబర్లే. ఒక నంబరు దగ్గర రోజూ రాత్రి రెండున్నరకొకసారి, అయిదింటికొకసారి గ్రాఫులో చిన్న మిట్ట కనిపించేది. కొన్ని వారాలు చూశాం. పసిబిడ్డ ఉండి ఉంటుందని, పాలు వేడి చేస్తున్నారని మాలో ఒకావిడ అంది, ఆవిడకు అప్పుడే రెండో బాబు. ఒక రోజు నుంచి ఆ మిట్టలు ఆగిపోయాయి. బిడ్డ రాత్రంతా పడుకోవడం నేర్చుకుందో, ఇంకేమైనా జరిగిందో. ముక్కూ మొహం తెలియని ఇంటి గురించి రెండు రోజులు మనసు బాగాలేదు. ఆ ఇంట్లోవాళ్లకు మా ఉనికే తెలియదు.

ఇదేం కొత్త సంగతి కాదు. ఒక్క మీటరు అంకెల నుంచి ఇంట్లో ఏ వస్తువు ఎప్పుడు నడిచిందో విడదీసే పద్ధతిని 1980ల్లోనే ఎంఐటీలో జార్జ్ హార్ట్ రూపొందించాడు. దీన్ని నిఘాకు వాడొచ్చని 1989లో తనే హెచ్చరిస్తూ వ్యాసం రాశాడు. తయారుచేసినవాడే హెచ్చరించాక ఇరవై ఏళ్లకు నెదర్లాండ్స్ మీటరును తప్పనిసరి చేస్తూ, వద్దన్నవాళ్లకు శిక్ష వేసేలా చట్టం తేబోయింది. ఇది యూరప్ మానవ హక్కుల ఒడంబడికలోని 8వ అధికరణానికి విరుద్ధమని విమర్శ వచ్చింది, 2009లో ఎగువసభ తిప్పికొట్టింది. తర్వాత వద్దనే హక్కు ఇచ్చి తెచ్చారు, జనం పెట్టించుకున్నారు. అమెరికాలో నేపర్‌విల్ నగరం పదిహేను నిమిషాలకోసారి తీసుకునే రీడింగు, రాజ్యాంగం దృష్టిలో ఇంటి సోదా కిందికే వస్తుందని 2018లో అప్పీలు కోర్టు చెప్పింది. సోదాయే అయినా సహేతుకమైనదేనని తీర్పిచ్చింది, ఆ లెక్కలు నేర విచారణ కోసం తీసుకుంటున్నవి కావు కాబట్టి. ఉద్దేశం మారితే తీర్పు మారుతుందన్నమాట.

ఇక్కడ నాకు విచిత్రంగా అనిపించేది ఒకటే. నా లెక్కలు నాకు ఇవ్వడానికి విధానం లేదన్న సంస్థకు, వాటిని తన దగ్గర ఉంచుకోవడానికి విధానం ఎలా దొరికింది? డెన్మార్క్, నార్వే లాంటి చోట్ల ఈ లెక్కలు ఏ కంపెనీ చేతిలోనూ కాకుండా గ్రిడ్ నిర్వాహకుల ఆధీనంలోని ఉమ్మడి డేటా కేంద్రంలో ఉంటాయి. ఎవరు చూడాలో ఇంటివాళ్లు అనుమతిస్తారు. అదేమీ బ్రహ్మవిద్య కాదు.

స్విచ్చు సంగతి అంతకంటే గంభీరం. కేంబ్రిడ్జిలో భద్రతా శాస్త్రవేత్త రాస్ ఆండర్సన్, శైలేంద్ర ఫులోరియా 2010లో ఒక ప్రశ్న వేశారు: ఆ ఆపే స్విచ్చు ఎవరి చేతిలో ఉంది? కోట్ల ఇళ్ల సరఫరాను ఒక్క ఆదేశంతో ఆపగలిగే వ్యవస్థ కట్టుకుంటే, శత్రువుకు బాంబు అక్కర్లేదు. ఆ ప్రశ్నను బ్రిటన్ కాస్త ఆలస్యంగానైనా పట్టించుకుంది. సరఫరా ఆపమనే లాంటి కీలక ఆదేశాలకు విడిగా మరో సంతకం ఉండాలి, మామూలుకు మించి ఆదేశాలు వస్తే వ్యవస్థ వాటిని నిలిపివేయాలి అని కట్టుదిట్టం చేసింది.

2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో ఇది ఊహ కాకుండా పోయింది. మూడు పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి హ్యాకర్లు చొరబడ్డారు. ఒక కంట్రోల్ రూములో కంప్యూటరు తెర మీద బాణం గుర్తు తనంతట తాను కదులుతూ ఒక్కో బ్రేకరునూ (సరఫరా తెంచే పెద్ద స్విచ్చునూ) తెరుస్తుంటే ఆపరేటర్లు చూస్తూ ఉండిపోయారు. దాదాపు 2,25,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. ఫిర్యాదు చెయ్యనివ్వకుండా కాల్ సెంటరును దొంగ కాల్స్‌తో నింపేశారు. అయినా కొన్ని గంటల్లోనే సరఫరా తిరిగొచ్చింది. ఎలాగంటే, సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు పోయి బ్రేకర్లను చేత్తో వేశారు. చేత్తో వెయ్యడానికి బ్రేకరుకు పిడి ఉంది, వెయ్యడం తెలిసిన మనిషి ఉన్నాడు. కొత్త వ్యవస్థల ఖర్చు లెక్కల్లో ఆదా కింద మొట్టమొదట చూపించేది ఆ మనిషినే. చేత్తో నడిపే నేర్పును కాపాడుకోవడానికయ్యే ఖర్చును టారిఫ్‌లో ఒక పద్దుగా నియంత్రణ మండలి ఒప్పుకోవాలని నేనంటాను. ఏటా ఒక రోజు తెరలన్నీ ఆపి సబ్‌స్టేషన్ నడిపించి చూపించాలి.

ఆపే అధికారాన్ని మర్యాదగా వాడుకోవడం కూడా కుదురుతుందని దక్షిణ ఆస్ట్రేలియా చెబుతోంది. అక్కడ మధ్యాహ్నం ఇళ్ల సోలార్ ఎంత ఎక్కువంటే, గ్రిడ్ మీద మిగతా కేంద్రాలకు చోటుండదు. 2021 మార్చిలో మొదటిసారి ఇళ్ల సోలార్‌ను దూరం నుంచి ఆపారు. జనానికి కోపమొచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది? తర్వాత ఒక ఎంపిక ఇచ్చారు: ఎప్పుడూ 1.5 కిలోవాట్లకు మించి గ్రిడ్‌కు పంపనని ఒప్పుకుంటావా, లేక గ్రిడ్‌కు చోటున్నప్పుడు 10 కిలోవాట్ల దాకా పంపుకుని, ఇరుకైనప్పుడు తగ్గించుకుంటావా? ఆపుతారన్న భయం కాస్తా బేరంగా మారింది.

కప్పు లేనివాళ్ల సంగతి ఇందులో ఎక్కడా రాలేదు, గమనించారా? అద్దె ఇంట్లో ఉండేవాడికి సోలార్ లేదు, బ్యాటరీ లేదు, వాడకం మార్చుకోవడానికి పెద్ద వాడకమే లేదు. వాడికి స్మార్ట్ గ్రిడ్ అంటే రెండే: బిల్లులో పెరిగిన మీటరు ఖర్చు, బాకీ పడితే మనిషి రాకుండానే ఆగిపోయే కరెంటు. పాత రోజుల్లో ఫ్యూజు పీకడానికి వచ్చిన లైన్‌మన్ గుమ్మంలో నిలబడి, లోపల మంచం మీద ముసలమ్మను చూసి, "రేపు కట్టెయ్యండి" అని వెళ్లిపోయిన సందర్భాలు ఉండేవి. ఆ కనికరం ఏ నిబంధనలోనూ రాసి లేదు, మనిషి రావడంలోనే ఉంది. మనిషిని తీసేశాం కాబట్టి దాన్ని ఇప్పుడు రాతలో పెట్టక తప్పదు: దూరం నుంచి ఆపే ముందు ఎన్ని రోజుల గడువు, ఏ ఇళ్లకు ఎప్పటికీ ఆపకూడదు, పొరపాటున ఆపితే గంటకెంత పరిహారం.

నాకు జవాబు రాసిన సంస్థ వచ్చే ఏడాది టారిఫ్‌కు దరఖాస్తు పెట్టింది. తిరగేశాను. మీటర్ల ఖర్చు ఉంది, దాని మీద లాభం శాతం ఉంది, తరుగుదల ఉంది. ఆదా అన్న వరుసే లేదు. మండలికి అభ్యంతరం రాశాను, ఒకటిన్నర పేజీ. ఆ వరుస చేర్చేదాకా ఈ పద్దు కింద పైసా వసూలు చెయ్యనివ్వొద్దని అడిగాను. అడుగున, నా అరగంట లెక్కల కోసం రాసిన ఉత్తరాలు నాలుగూ, వాళ్ల జవాబూ జత చేశాను. బహిరంగ విచారణలో ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు ఇస్తారట.